డాక్టరుగారి నల్ల కారు

మా ఆయన ముప్పయ్యేళ్ళకు పైగా రైల్వేలో సిగ్నళ్ళ పని చేశారు. నిడదవోలు జంక్షనుకు అటూ ఇటూ పట్టాల పక్కన కంకర మీద నడిచీ నడిచీ మోకాళ్ళు అరగదీసుకున్నారు. ఇంట్లో స్కూటరు తప్ప వేరే బండి ఎప్పుడూ లేదు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని, నాకు బస్సు చాలు. అలాంటిది మా ఆయన రిటైరైన రెండో నెలలో మోకాళ్ళు చూపించుకోవడానికని రాజమండ్రి వెళ్ళి, మందుల చీటీతో పాటు ఆ డాక్టరుగారి పాత కారు కొంటానని మాట కూడా ఇచ్చి వచ్చారు.

అది జర్మనీలో తయారైన పెద్ద కారు. నలుపు. అప్పటికే పన్నెండేళ్ళు దాటింది. కొత్తలో అలాంటి కారు గురించి అడగడానికి కూడా మాలాంటి వాళ్ళం జంకుతాం. పాతబడ్డాక మాత్రం మామూలు చిన్న కారుకన్నా తక్కువకే వస్తుంది. ఎందుకలా వస్తుందో ఆయన ఆలోచించలేదు, నేను ఆలోచించాను. ఆ ఆదివారం బేరం రద్దు చేయించడానికే ఆయన వెంట వెళ్ళాను.

డాక్టరుగారి పెరట్లో పొగడచెట్టు కింద ఉంది కారు. డాక్టరుగారు దాని మీద రాలిన పూలను చేత్తో తుడుస్తూ, "దాచకుండా చెప్తానమ్మా. ఇంజను బాగుంది. చుట్టూ ఉన్న రబ్బరూ ప్లాస్టిక్కూ నాలాగే ముసలివైపోయాయి. ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. కొన్నాక నన్ను తిట్టుకోకండి" అన్నారు.

"మరి ఎందుకు అమ్మేస్తున్నారండి?" అన్నాను.

"కళ్ళు సహకరించట్లేదు. తిప్పకుండా మూలన పెడితే ఇంకా తొందరగా పాడైపోతుంది."

ఆయన అంత నిజం చెప్పేసరికి నా వాదన సగం పోయింది. మిగతా సగం, కారు నడిపి చూద్దామని బయల్దేరిన ధవళేశ్వరం దారిలో పోయింది. నేను వెనక సీట్లో కూర్చున్నాను. తలుపు వేయగానే లారీల మోత ఎక్కడో పక్క వీధిలోకి వెళ్ళిపోయినట్టయింది. నా గాజుల చప్పుడు నాకు వినిపించింది. అన్నేళ్ళు బస్సుల్లో తిరిగాను గానీ ప్రయాణంలో నా గాజులు నేను వినడం అదే మొదలు. ఎప్పుడో రైల్వే జీపు మీద నేర్చుకున్న డ్రైవింగుతో, స్టీరింగు దగ్గర మా ఆయన నిటారుగా కూర్చుని ఉన్నారు. పెళ్ళయిన కొత్తలో స్కూటరు కొన్న రోజు కూడా అలాగే కూర్చున్నారు. రద్దు చేయించడానికి వెళ్ళినదాన్ని, సాయంత్రం ఆ కారులోనే ఇంటికి తిరిగొచ్చేటప్పుడు ఏసీ కాస్త తగ్గించమని మాత్రం అన్నాను.

మర్నాడు పొద్దున్న ముగ్గు వేద్దామని గేటు తీస్తే కారు ఎడమ పక్క ముందు చక్రం మీద కూలబడి ఉంది. పంక్చరనుకుని ఆయన్ని లేపాను. పంక్చరు కాదు. ఈ కార్లకు చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు సంచులుంటాయట. ముసలి సంచిలోంచి తెల్లారేలోగా గాలి కారిపోతుంది. ఇంజను వేస్తే లోపలెక్కడో పంపు గుర్రుమని, కారు మెల్లగా పైకి లేస్తుంది. నాలుగు రోజులకే ఈ సంగతి వీధంతటికీ తెలిసింది. ఎదురింటి రైతుగారు కాఫీ గ్లాసుతో సహా అరుగు మీద కూర్చుని రోజూ చూసేవారు.

"మా గేదె లేచినట్టే లేస్తుందండి మీ కారు" అన్నారొకరోజు.

"మీ గేదె పాలిస్తుందండి" అన్నాను నేను. మా ఆయన రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

మా ఊళ్ళో మెకానిక్కులు దాన్ని ముట్టుకోలేదు. "ఇది కారు కాదండి, కంప్యూటరు" అని పంపేశారు. చివరికి ఎవరో సామర్లకోటలో ఒకాయన ఉన్నాడని చెప్పారు. ఆయన సముద్రం ఒడ్డున చేపల వేటకెళ్ళే కుటుంబంలో పుట్టి, చిన్నతనంలో బోటు ఇంజన్లు బాగుచేసి, తర్వాత హైదరాబాదులో విదేశీ కార్ల షెడ్డులో చాలాకాలం పనిచేసి వెనక్కొచ్చిన మనిషి. రేకుల షెడ్డు, ఒక లాప్‌టాప్, గోడకి వరసగా పానాలు. మొదటిరోజు కారు కింద దూరి బయటికొచ్చి, చేతులు తుడుచుకుంటూ మా ఇద్దరికీ కలిపి చెప్పాడు.

"ఇంజనుకి వయసు తెలీదండి. రబ్బరుకి తెలుస్తుంది. నూనె చుక్కలు పడతాయి, పడనివ్వండి, నేను చూస్తాను. కానీ వేడి చూపించే ముల్లు సగం దాటిందంటే మాత్రం, ముహూర్తం దాటిపోతున్నా సరే, బండి ఆపెయ్యాలండి. ఒక్క కిలోమీటరు కూడా పోనివ్వకూడదు."

ఆ గాలి సంచి మార్చాడు. నూనె కారే చోట కొత్త రబ్బరు పట్టీ వేశాడు. అది అయ్యిందనుకునేలోగా వానాకాలం వచ్చింది. మొదటి పెద్ద వాన కురిసిన పొద్దున, ఎవరూ ముట్టుకోకుండానే మా కారు అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టింది. వెనక కిటికీ దానంతటదే దిగింది. లోపల కాలు పెడితే కార్పెట్లోంచి నీళ్ళు ఊరాయి. మళ్ళీ సామర్లకోట. పైకప్పులో ఉన్న కిటికీ చుట్టూ నీళ్ళు పోవడానికి సన్నటి గొట్టాలుంటాయని, అవి పూడుకుపోతే నీళ్ళు లోపలికి దిగి, సీటు కింద ఉన్న కరెంటు పెట్టె తడుస్తుందని ఆయన విప్పి చూపించాడు. సన్నని తీగ లోపలికి పంపి లాగితే, నల్లగా ఎండిపోయిన పొగడపూలు ఉండలు ఉండలుగా వచ్చాయి. ఎన్నేళ్ళవో. నేను ఒక ఉండ అరచేతిలో పెట్టుకుని వాసన చూశాను. ఇంకా ఉంది. మా ఆయనకీ, ఆ మెకానిక్కీ కూడా చూపించాను. 

మరుసటేడు వేసవిలో మా ఆయన అక్కగారు, అంటే మా పెద్దవదిన, పిఠాపురం అమ్మవారిని చూడాలంది. తమ్ముడి కారులోనే వెళ్తానంది. కుక్కుటేశ్వరుణ్ణీ పురుహూతికమ్మనూ చూసుకుని పది గంటల వేళ సామర్లకోట దారి పట్టాం. ఊరు దాటి నాలుగైదు కిలోమీటర్లు వచ్చామో లేదో, ముల్లు కదిలింది. మా ఆయన మారుమాట లేకుండా కారు పక్కకి తీసి ఇంజను ఆపేశారు. ముందు మూత ఎత్తగానే ఆవిరి కమ్మేసింది. ఇంజనుకు చల్లనీళ్ళు తీసుకెళ్ళే గొట్టం, దాన్ని బిగించే ప్లాస్టిక్ మెడ దగ్గర చీలిపోయింది. ఫోనులో మెకానిక్కు విని, "చేతిలో పని ముగించుకుని నేను ఆటోలో రావాలంటే గంట పడుతుందండి. ఈలోగా చల్లారనివ్వండి, వేడి మీద నీళ్ళ డబ్బా మూత తియ్యొద్దు" అన్నాడు.

నీడ లేదు. రెండు పక్కలా కోసేసిన చేలు. వదిన పట్టుచీరలో చెమటలు కక్కుతూ, "అమ్మవారు ఎందుకు ఆపిందో" అంటోంది. అప్పుడు ఉప్పాడ వైపు నుంచి చేపల ట్రేలతో సామర్లకోట మార్కెట్టుకు పోతున్న ఆటో ఒకటి ఆగింది. డ్రైవరు పక్కనుంచి ఒకావిడ దిగింది. నా వయసే ఉంటుంది. చీర కొంగు నడుముకి బిగించుకుని వచ్చి, ఇంజనులోకి తొంగిచూసింది.

"గొట్టం పోయిందాండి? మా బోటుకీ ఇదే పోద్ది. ఉండండి" అని వెళ్ళి ఆటో వెనక నుంచి పాత సైకిలు ట్యూబు ముక్క, కత్తి తెచ్చింది. ట్యూబును పొడుగ్గా పట్టీలా కోసింది. గొట్టం చల్లారేదాకా ఆగి, చీలిన మెడ చుట్టూ లాగి లాగి, ఒక చుట్టు మీద ఇంకో చుట్టు వేసి ముడి బిగించింది. ఆ లాగడంలో ఆవిడ మోచేతి నరాలు తేలాయి. ఆటోలో తాగడానికి పెట్టుకున్న మంచినీళ్ళ క్యాను మొత్తం తెచ్చి పోయమంది. అవతల ట్రేల్లోంచి ఐసు కరిగి రోడ్డు మీద ధారగా కారుతోంది.

"మీ చేపలు పాడైపోతాయేమో, వెళ్ళండమ్మా" అన్నాను.

"ఇంకో అరగంట ఆగుతాయిలెండి. రోడ్డు మీద వదిలేసి ఎలా పోతామండి" అంది.

వదిన సంచిలోంచి ప్రసాదం తీసి ఇవ్వబోయింది. ఆవిడ వెనక్కి తగ్గి, "చేపలు పట్టిన చెయ్యండి. ఆకులో పెట్టివ్వండి, తర్వాత తింటాను" అంది.

మా వదిన ఆచారం మనిషి. ఏమంటుందోనని నాకు లోపల బెరుకుగానే ఉంది. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుని అరచేతిలోనే ప్రసాదం పెట్టి, "సముద్రానికి ఇంత దగ్గర్లో ఉన్న అమ్మవారు. ఆవిడకి తెలీని వాసనేముంది, తిను తల్లీ" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు.

మెకానిక్కుకి మళ్ళీ ఫోను చేస్తే, నీళ్ళ డబ్బా మూత గట్టిగా బిగించకుండా, లోపల హీటరు మొత్తం పెట్టి నెమ్మదిగా రమ్మన్నాడు. ఇంజను వేడి కొంత అలా లోపలికి లాగేస్తుందట. ఎండాకాలం, ఉక్కపోత, ఆ ఎండలో హీటరు. రెండేసి కిలోమీటర్లకోసారి ఆగుతూ, నీళ్ళు పోస్తూ వచ్చాం. చేపల ఆటో కొంతదూరం మా వెనకే వచ్చి, పర్లేదనుకున్నాక ముందుకు వెళ్ళిపోయింది. వదిన వెనక సీట్లోంచి విసనకర్రతో తమ్ముడి మెడ మీద విసురుతూ, "ఒరేయ్, ఇంత పెద్ద కారు కొని నన్ను ఆవిరికుడుము చేశావు కదరా" అంది. నాకు నవ్వాగలేదు. వదినకీ ఆగలేదు. మా ఆయన ముల్లు మీంచి చూపు తిప్పలేదు గానీ భుజాలు కదులుతున్నాయి. మేం ముగ్గురం అంతగా నవ్విన ప్రయాణం అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

షెడ్డులో మెకానిక్కు ఆ కట్టు చూసి వెంటనే విప్పలేదు. వేలితో నొక్కి చూశాడు. "ఎవరు కట్టారండి? బోటు మీద పనిచేసిన చెయ్యి" అన్నాడు. మేం జరిగింది చెప్పాం. ఆవిడ పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. తర్వాత రెండుసార్లు సామర్లకోట మార్కెట్టులో వెతికాను, కనబడలేదు.

ఆ కారు ఇంకో ఏడాది నడిచింది. తర్వాత గేరు మారినప్పుడల్లా ఎవరో వెనక నుంచి తన్నినట్టు ఊగడం మొదలెట్టింది. మెకానిక్కు ఈసారి లాప్‌టాప్ మూసేసి, "ఇంక దీనిమీద పెట్టొద్దండి. నాకిచ్చెయ్యండి. దీని సామాన్లతో ఇంకో మూడు కార్లు బతుకుతాయి" అన్నాడు. మా ఆయన తాళం ఇచ్చే ముందు డ్యాష్‌బోర్డు ఒకసారి గుడ్డతో తుడిచారు.

ఇప్పుడు మా ఇంట్లో చిన్న కొత్త కారుంది. దానికి ఏమీ కాదు. ఏమీ కాదు గనక దాంతో మేం ఎక్కడా ఆగిందీ లేదు, ఎవరితో మాట్లాడిందీ లేదు. వీధిలో ఎవరూ దాన్ని చూడరు.

తాళం ఇచ్చిన రోజు మేం రైల్లో తిరిగొచ్చాం. ప్యాసింజరు ఆలస్యమైంది. సామర్లకోట ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని, "బాధగా ఉందా?" అని అడిగాను.

"ఉంది" అన్నారు. ఆయన అలాంటిది ఒప్పుకోవడం అరుదు.  రైలు వచ్చాక కిటికీ పక్క సీటు ఆయనకిచ్చి, నేను ఇవతల కూర్చున్నాను.