అప్పన్న మేష్టారి దేశం

విశాఖపట్నం పూర్ణా మార్కెట్లో ఎండుచేపల వరస దాటాల్సి వచ్చినప్పుడల్లా నా పక్కన నడిచేవాళ్ళు కొంగో చేతిరుమాలో ముక్కుకి అడ్డం పెట్టుకుంటారు, నేను మాత్రం నడక నెమ్మది చేస్తాను. ఉప్పూ ఎండా కలిసిన ఆ ఘాటు తగలగానే కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపులో మా ఇంటి వంటగదీ, అందులో పీట మీద కూర్చుని రోట్లో ఎండు రొయ్యలూ మిరపకాయలూ దంచుతున్న మా మామ్మా కళ్ళముందుకొస్తారు.

మామ్మ అంటే మా నాన్న తల్లి. పుట్టింది రంగూన్లో. ఆమె తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వెళ్ళి అక్కడి రేవులో బియ్యం బస్తాలు మోసిన మనిషి. దొరలు పోయి, ఈ దేశం వేరు ఆ దేశం వేరు అయ్యాక, ఇక అక్కడ మనవాళ్ళని ఉండనివ్వని రోజులొస్తే, మామ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని విశాఖపట్నం రేవులో దిగింది. అలా వచ్చినవాళ్ళకి చూపించిన జాగాయే మా క్యాంపు. వేసవిలో ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని తనాకా చెక్కని సాన మీద నీళ్ళతో అరగదీసి ఆ చల్లటి గంధాన్ని మా చెంపలకి పూసేవారు. వానాకాలం వస్తే కొబ్బరిపాల పులుసులో నూడుల్సు వేసి, పైన వేయించిన ఉల్లిపాయలు చల్లి, నిమ్మకాయ పిండి ఇచ్చే కౌసే కోసం గిన్నెలు పట్టుకుని పొయ్యి చుట్టూ చేరేవాళ్ళం. దీపావళికి మిగతా వీధుల్లో అరిసెలు వేగుతుంటే మా ఇంట్లో నల్లటి బంకబియ్యం ఉడికేది, దాని మీద కొబ్బరికోరూ బెల్లమూ. అవతల పట్టాల మీద గూడ్సు బండి వెళ్తే మా గోడలు అదిరేవి. ఇవతల మేము ఓడాట ఆడేవాళ్ళం: ఒక అరుగు రంగూను, ఎదుటి అరుగు వైజాగు, మధ్య వీధంతా సముద్రం, దొంగ ముట్టుకునేలోగా ఏదో ఒక ఒడ్డు ఎక్కాలి.

మామ్మకి ఒక అన్న ఉండేవాడు, పేరు అప్పన్న. ఆయనా రంగూన్లోనే పుట్టి, చదువుకుని, రేవు కూలీల పిల్లలకి తెలుగు నేర్పడానికి ఒక రేకుల షెడ్డులో బడి పెట్టాడు. ఇక్కడి పుస్తకాల్లోని బొమ్మలు అక్కడి పిల్లలకి తెలియవని తనే ఒక వాచకం రాసి అచ్చువేయించాడు. అందులో ఏనుగు టేకు దుంగలు మోస్తుంది, ఓడ ఐరావతి నదిలో వెళ్తుంది. యుద్ధంలో జపాను వాళ్ళు రంగూను మీద బాంబులు వేసినప్పుడు ఆయన రేవు దగ్గరే పోయాడు. అప్పటికి ఇక్కడా అక్కడా దొరల పాలనే. ఆ వాచకం కాపీ ఒకటి మామ్మ ట్రంకుపెట్టెలో చీరల అడుగున ఉండేది. నాకూ మా నాన్నకీ కూడా అక్షరాలు ఆ పుస్తకంలోనే వచ్చాయి.

నేను ఏడో తరగతిలో ఉండగా బడి వార్షికోత్సవానికి తెలుగుకి సేవ చేసినవాళ్ళ పేర్లతో రెండు పెద్ద చార్టులు రాయించారు. ఒకదాని పైన 'భారతీయులు', రెండోదాని పైన 'విదేశీయులు'. నా రాత గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. నేను ఆశగా వాచకం తీసుకెళ్ళి మా సోషల్ మేష్టారికి చూపించాను. ఆయనది కృష్ణా జిల్లా, మంచి మనిషి. పుస్తకం జాగ్రత్తగా తిరగేసి, చాలా సంతోషించి, "తప్పకుండా రాద్దామమ్మా. ఎక్కడ పుట్టారీయన?" అని అడిగారు. రంగూన్లో అన్నాను. "అయితే విదేశీయుల్లో రాయి," అన్నారు.

నేను స్కెచ్ పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. మేష్టారు మళ్ళీ నావైపు చూశారు. రాసేశాను.

ఇంటికొచ్చి చెప్పకుండా ఉండలేకపోయాను. మామ్మ అడ్డచుట్ట నోట్లోంచి తీసి పక్కన పెట్టింది. తిట్టలేదు. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, నా చెయ్యి పట్టుకుని బడికి వచ్చింది. మేష్టారు కుర్చీ వేయించినా కూర్చోకుండా చార్టుల ముందుకెళ్ళి, వేలు పెట్టి ఒక్కొక్క పేరూ కూడబలుక్కుని చదివింది. విదేశీయుల చార్టులో అప్పన్న పేరుకి పైన ఒక తెల్లదొర పేరుంది. పక్కనే నేను రాసిన 'జననం: వాల్తేరు' అన్న మాట దగ్గర ఆమె వేలు ఆగింది.

"ఈ దొర ఈడే పుట్టినాడా బాబూ?" అని అడిగింది.

"అవునమ్మా. వాళ్ళ నాన్న ఇక్కడ ఉద్యోగం చేసేవాడు."

"ఈడ పుట్టినా ఆడు పరాయోడే. మా అన్న ఆడ పుట్టినాడని పరాయోడే. ఇదేటి లెక్క మేష్టారూ?"

మేష్టారు రెండు చార్టులనీ మార్చి మార్చి చూశారు. "మీరన్నది నిజమేనమ్మా. దొరకి తల్లిదండ్రుల్ని చూశాం, మీ అన్నగారికి పుట్టిన ఊరు చూశాం. కానీ రంగూను ఇప్పుడు వేరే దేశం కదా," అన్నారు.

"ఇప్పుడు కదా బాబూ. మా అన్న పుట్టినప్పుడు ఆడా ఈడా ఏలినోడు ఒక్కడే. ఆ రెండు దేశాలూ విడిగా లెగిసేసరికి మా అన్న లేడు."

మారుస్తానని మేష్టారు మాటిచ్చారు. ఆయన ప్రయత్నించారు కూడా. హెడ్మాస్టరు గది బయట ఆయన నిలబడి ఉండటం నేను చూశాను. అతిథులు వచ్చే రోజు దగ్గరపడింది, కొత్త చార్టు రాయడానికి వ్యవధి లేదు, కొట్టివేతలుంటే బాగుండదన్నారట. వార్షికోత్సవం నాడు రెండు చార్టులూ అలాగే వేలాడాయి. మామ్మ జనం మధ్యలోంచి వెళ్ళి రెండోదాని ముందు నిలబడింది. ఆ అక్షరాలు నావని ఆమెకి తెలుసు. నేను స్తంభం వెనక్కి తప్పుకున్నాను, అయినా పిలిచింది.

"నీ తప్పు కాదమ్మలూ. పేరు తప్పుల్లేకుండా రాసినావ్, అది సాలు," అంది.

చాలలేదని ఆమె మొహంలోనే ఉంది. ఆ రాత్రి అన్నం తినలేదు. ఆ తర్వాత ఆ వాచకాన్ని ఎవరికీ చూపించనివ్వలేదు. కొన్నేళ్ళకి ఆమె పోయింది.

ఇప్పుడు క్యాంపులో రేకుల ఇళ్ళు దాదాపు లేవు, మేడలు లేచాయి. బర్మా భాష వచ్చిన ముసలివాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు, వాళ్ళకి మాట్లాడుకోవడానికి మనుషులు దొరకరు. ఒక తుఫానుకి మా పైకప్పు లేచిపోయినప్పుడు ట్రంకుపెట్టె నిండా నీళ్ళు చేరి వాచకం ముద్దయిపోయింది. ఎండబెడితే అట్ట మాత్రం మిగిలింది, దాని మీది పేరు కూడా చెరిగిపోయింది.

పోయిన నెల పాత తెలుగు రచయితల వివరాలు కంప్యూటర్లో ఎక్కిస్తున్న ఒకమ్మాయి ఎవరో చెబితే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. మధ్యాహ్నమంతా కూర్చుని నేను చెప్పినదంతా ఓపిగ్గా విన్నది, బడిలో చార్టు సంగతి విని కళ్ళు తుడుచుకుంది కూడా. చివర్న ల్యాప్‌టాప్ నావైపు తిప్పింది. దేశం అన్న చోట ఒక పొడుగాటి జాబితా, అందులోంచి ఒక్కటే ఎంచుకోవాలి.

"ఖాళీగా వదిలేద్దామా అమ్మా?" అన్నాను.

"వదిలేస్తే తీసుకోదండీ మేడం, పేరే సేవ్ అవదు," అంది ఆ అమ్మాయి, తనదే తప్పన్నట్టు.

రంగూనూ వైజాగూ ఒకే ఏలుబడిలో ఉన్న, ఆయన పుట్టినప్పటి దేశం ఆ జాబితాలో లేదు. పైకీ కిందికీ రెండుసార్లు వెతికాం. పేరన్నా మిగలాలని, మీకు ఏది సబబనిపిస్తే అది పెట్టండి అన్నాను. రెండు రోజుల తర్వాత ఫోన్లో లింకు పంపింది. తెరిచి చూశాను. అప్పన్న, తెలుగు వాచక రచయిత, దేశం మయన్మార్ అని ఉంది.

బర్మాకి ఆ పేరు పెట్టేనాటికి ఆయన లేడు. మా మామ్మా లేదు. మార్చమని ఆ అమ్మాయికి రాయబోయి, దేనికి మార్చమనాలో తెలియక ఫోను పక్కన పెట్టేశాను.