చెంబెడు నీళ్ళ బరువు

నా ఎదురు మంచిదని మా ఇంట్లో అందరికీ నమ్మకం. ఎవరైనా ముఖ్యమైన పని మీద బయలుదేరితే నేను నీళ్ళచెంబు పట్టుకుని గేటు వైపు నుంచి ఎదురు రావాలి. మా అమ్మాయి పరీక్షలకి వచ్చాను, మా ఆయన ఇంటర్వ్యూకి వచ్చాను, మా మరిది పెళ్ళిచూపులకి కూడా వచ్చాను. పెళ్ళిచూపుల సంగతి వదిలేస్తే అన్నీ కలిసొచ్చాయి. కాబట్టి ఆ రోజు పొద్దున నేను చేసిన పనిలో దురుద్దేశం ఏమీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

దోహాలో అల్ తుమామా పేటలో మేముండే విల్లాని మూడు వాటాలు చేసి అద్దెకిచ్చారు. మా కింది వాటాలో ఒక కజఖ్ ఆవిడ ఉండేది. ఒకప్పుడు వాళ్ళ దేశంలో బాక్సింగ్ ఛాంపియన్. ఇప్పుడు అల్ ఘర్రాఫాలో ఒక జిమ్‌లో ఆడపిల్లలకి నేర్పుతోంది. నన్ను 'అప్కే' అని పిలిచేది. వాళ్ళ భాషలో అక్క అని అర్థమట. ఆ ఒక్క పిలుపుతో నేను పడిపోయాను. మా ఇద్దరి కబుర్లూ సగం హిందీ, సగం ఇంగ్లీషు, మిగతాది చేతులు.

ఆవిడకి నలుగురు అన్నలు. వాళ్ళ చేతుల్లో దెబ్బలు తిని తిని, తిరిగి కొట్టడం నేర్చుకుందట. ఊళ్ళో బడి వెనక గదిలో అంతమంది మగపిల్లల మధ్య ఒక్కతీ గ్లోవ్స్ వేసుకుందని తెలిసి నాయనమ్మ మూడు రోజులు మాట్లాడలేదట. నాలుగో రోజు తనే వెళ్ళి చూసొచ్చి, "ఎడమ చెయ్యి దించేస్తున్నావు, ముఖం పగులుతుంది" అందట. ఆ తర్వాత గెలిచిన పతకాలన్నీ కింద ఆవిడ వంటింట్లో పిండి డబ్బాలో ఉన్నాయి. నేను ఒకటి మెళ్ళో వేసుకుని అద్దంలో చూసుకున్నాను కూడా. కాసులపేరుకేం తీసిపోలేదు.

ఒక్క విషయం చెప్పేటప్పుడు మాత్రం నవ్వేది కాదు. పదేళ్ళ కిందట, పెద్ద పోటీ ఫైనల్ రోజు పొద్దున కాటా మీద వంద గ్రాములు ఎక్కువ తూగింది. ఇక రింగెక్కనివ్వలేదు. "నన్ను మనిషి ఓడించలేదు అప్కే, కాటా ఓడించింది" అనేది.

నలభై దాటితే ఆ పోటీలకి రానివ్వరు. నలభై నిండడానికి ఇంకా రెండు నెలలుందనగా దోహాలోనే ఒక పోటీ వచ్చింది. పేరిచ్చేసింది. అరవై కిలోలు దాటకూడదు. నెల రోజులు మా వంటింట్లోంచి పోపు వాసన వస్తే కిటికీలు మూసుకుంది. ముందురోజు మంచినీళ్ళు కూడా మానేసింది.

పొద్దున ఆరింటికి ఇంట్లో తూచుకుంటే అరవైకి రెండొందల గ్రాములు తక్కువ. ఎనిమిదింటికి ఆవిడ జిమ్‌లోనే అసలు తూకం. మా ఆయన కారు తీసి నిలబడ్డాడు. నేను తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, ఇత్తడి చెంబు నిండా నీళ్ళు పట్టుకుని, ఠీవిగా గేటు వైపు నుంచి ఎదురొచ్చాను.

ఆవిడ ఆగింది. చెంబు చూసింది, నా ముఖం చూసింది. వాళ్ళలో ప్రయాణమయ్యేవాళ్ళకి ఇంటివాళ్ళు ఏదిచ్చినా కొంచెమైనా నోట పెట్టకుండా గడప దాటకూడదట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. పాపం, మర్యాదకి ఒక్క గుక్క తాగుదామని చెంబందుకుంది. ఒక్కరోజు దాహం ఒక్క గుక్కతో ఊరుకుంటుందా? గటగటా మొత్తం దించేసింది. అర లీటరు.

ఖాళీ చెంబు నా చేతికిచ్చాక ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళం చూసుకున్నాం. రెండొందల తక్కువ కాస్తా మూడొందల ఎక్కువైంది.

మా ఆయనది కరీంనగర్. ఇలాంటప్పుడే ఆయనకి మాటలు బాగా వస్తాయి. "నువ్వు ఎదురొచ్చినవా, ఎదురు తిరిగినవా? ఆమె ఏండ్ల కష్టమంత చెంబుల పోసినవు గదనే" అన్నాడు. ఏడుపొచ్చేసింది నాకు. ఆవిడ మాత్రం, "ఏడవకు అప్కే, ఏసీ ఆపి హీటర్ వెయ్యమను" అంది.

సెప్టెంబరు దోహాలో, అద్దాలన్నీ బిగించిన కారులో, హీటరు. ఆవిడ మీద రెండు కంబళ్ళు, నా మీద పట్టుచీర. మా ఆయన "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ సిగ్నల్ లైట్లని బతిమాలుతున్నాడు. ఆవిడ ఖాళీ సీసా ఒకటి పట్టుకుని ఉమ్మేస్తోంది. ఉమ్మినదంతా బరువే కదా అంది. కానీ నోరెండిపోయి ఉమ్ము రావడం లేదు. అప్పుడు వెలిగింది నాకు. కారెక్కే ముందు పైకి పరిగెత్తి చద్దన్నం, పచ్చడి సీసాలు సర్దుకొచ్చానుగా. అదీ మన అలవాటే, ఎక్కడికి వెళ్ళినా దారికి పచ్చడి ఉండాలి. కొత్త చింతకాయ పచ్చడి సీసా మూత తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను. "చూడు, పుల్లగా, కారంగా, పైన ఇంగువ పోపు" అని వర్ణిస్తూ కూర్చున్నాను. ఆవిడ నోట్లో నీళ్ళూరి, సీసా నిండుతోంది. మా ఆయన గుటకలు వేస్తున్నాడు. నవ్వాపుకోలేక నేను పొట్ట పట్టుకున్నాను, ఆవిడా నవ్వింది, ముగ్గురం చెమటలో తడిసి ముద్దయిపోయి నవ్వుతూనే ఉన్నాం. జిమ్ ముందు కారాపాక కూడా గంట సేపు దిగలేదు.

లోపల ఆడవాళ్ళ గదిలో బట్టల బరువు కూడా లేకుండా ఆవిడ కాటా ఎక్కితే, తువ్వాలు అడ్డం పట్టింది నేనే. కాటా మీది అంకెలు అటూ ఇటూ ఊగాయి. నేను ఉన్న దేవుళ్ళందరికీ మొక్కాను. చివరికి అరవై దగ్గర నిలబడింది. ఒక్క గ్రాము కూడా ఎక్కువ లేదు. తువ్వాలు వదిలేసి ఆవిణ్ణి వాటేసుకున్నాను. కాటా దగ్గరున్నావిడ మమ్మల్ని విసుక్కుంది.

సాయంత్రం పోటీ. ఎదుటి పిల్లకి ఇరవై రెండేళ్ళుంటాయి, జింకలా ఎగురుతోంది. మూడు రౌండ్లూ మా ఛాంపియన్ వెనక్కి తగ్గలేదు. ఎడమ చెయ్యి దించినప్పుడల్లా నేను తెలుగులోనే "చెయ్యి పైకెత్తవే" అని అరిచాను. గెలుపు ఆ పిల్లదే అన్నారు. నాకు రిఫరీ మీద ఒళ్ళు మండిపోయింది.

ఆవిడ రింగ్ దిగి నా దగ్గరికి వచ్చింది. ఒక కన్ను పూరీలా ఉబ్బిపోయింది. ముఖమంతా నవ్వు.

"అప్కే, ఈసారి నన్ను మనిషే ఓడించింది" అంది. మళ్ళీ చెయ్యి చాచి, "ఆ చెంబు ఏదీ?" అంది.

సంచీలోంచి తీసి నీళ్ళు నింపి ఇచ్చాను. ఆవిడ చుక్క మిగలకుండా తాగింది.