రాయచూరులో ఉంగరం, తుర్విహాళలో వాన

మా అబ్బాయి నిశ్చితార్థానికి ఉంగరం కొందామని నేనూ మావారూ రాయచూరు వెళ్లాం. కోసిన పంటంతా మా ఊరు తుర్విహాళలో రోడ్డు పక్కన ఆరబోసి వచ్చాం. రాయచూరు పిల్లే కాబట్టి కాబోయే కోడలు నగల కొట్టుకే వచ్చింది. మధ్యలో పెద్ద వజ్రం, చుట్టూ చిన్న రాళ్లుండే హాలో ఉంగరం తనకి నచ్చింది. ఇక నడిమి రాయి ఏ కట్, అంటే ఏ ఆకారంలో చెక్కింది కావాలన్నదే తేలాలి.

"రౌండ్ తీస్కుంటరా అమ్మా, గిట్ల పొడుగ్గుండే మార్కీజ్ తీస్కుంటరా?" అంటూ కొట్టులో అమ్మాయి పళ్లెం జరిపింది. అప్పుడే మా మరిది ఫోను.

"వదినా, ఇక్కడ వాన దంచేస్తోంది! బరకాలు కప్పుతుంటే గాలికి లేచిపోతున్నాయి. వడ్లన్నీ కొట్టుకుపోతున్నాయి!"

ఇప్పుడు బయల్దేరినా మూడు గంటల దారి. రాయచూరులో చూస్తే ఎండ మండిపోతోంది.

"పోదాం నడువుండ్రి అత్తమ్మా, ఉంగరం మళ్ల తీస్కుందం," అంది కోడలు.

మావారు కదల్లేదు. మార్కీజ్ రాయినే చూస్తున్నారు. రెండు కొసలూ మొనదేలి, అచ్చం వడ్లగింజలా ఉంది.

"వెళ్లి ఏం చేస్తామమ్మా? ఇదే తీసుకో. ఈ గింజొక్కటైనా తడవకుండా ఇంటికొస్తుంది," అన్నారు.

పెళ్లయి రెండేళ్లయింది. మబ్బు పడితే చాలు, కోడలు ఆ ఉంగరం తీసి బీరువాలో పెట్టేస్తుంది. ఎందుకని ఇంట్లో ఎవరం అడగం.