అగ్గి తెగులుకు లొంగని చోడి

మొన్న మా డాక్టరు ఈ వయసులో అన్నం తగ్గించి చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగమన్నాడు. కోడలు దుకాణం నుంచి పిండి పొట్లం తెచ్చి కాచి, ఇది మీకు అలవాటుందో లేదో మావయ్యా అంటూ గిన్నె ముందు పెడితే, నవ్వూ వచ్చింది, మా మేనత్తా గుర్తొచ్చింది.

అరవైల చివర విజయనగరం పొలిమేరలో ఒక చిన్న పరిశోధన క్షేత్రంలో నా తొలి ఉద్యోగం. ఆ రోజుల్లో మెట్ట ఊళ్ళకు చోడే ఆధారమని మీలో అంబలి తాగి బడికెళ్ళినవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. కంకి వేసే వేళకు ముసురు పట్టిందంటే అగ్గి తెగులు దిగేది, కంకి మెడ నల్లబడి విరిగి గింజంతా తాలైపోయేది. దాన్ని తట్టుకునే రకాన్ని పుట్టించడమే మా పని. అందుకు ముందు తెగులునే సాకాలి. నిరుటి జబ్బు గడ్డి తెచ్చి మళ్ళలో పరిచి, సాయంత్రాలు ఆకులు తడిపి, ఏ మొక్క చావకుండా నిలుస్తుందా అని కాచుకు కూర్చునేవాళ్ళం. పాతపట్నం వైపు చోడి పండించే మా మేనత్త నన్ను చూడవచ్చి, "రోగం మాన్పమని జీతమిత్తే, రోగాన్నే పెంచుతన్నావేటిరా అల్లుడా" అని కడుపుబ్బ నవ్వింది. మామయ్య పోయాక ఆవిడకు మిగిలింది ఒక చిన్న చెక్క మెట్ట నేల, అందులోనూ తెగులు వల్ల విత్తిన గింజలు కూడా తిరిగి రావడం లేదు. అందుకే నవ్వడం అయ్యాక, నిలిచే రకం దొరికితే ముందు తనకే ఇవ్వాలని మాట తీసుకుంది.

నిజంగానే, మాడిపోయిన మడి మధ్య ఒక్క మొక్క పచ్చగా నిలిచింది. దాని దిగుబడి నాసి, బాగా పండే నాటు రకంతో సంకరం చేయాలి. చేత్తో పుప్పొడి అద్దుదామంటే చోడి పువ్వు కంటికి ఆనదు కనుక, దాని కంకినీ నాటు చోడి కంకినీ జతచేసి కట్టి, కాగితం సంచి తొడిగి, వచ్చిన మొక్కల్ని మళ్ళీ తెగులుకు అప్పగించి, మిగిలినవాటిలో మేలైనవి ఏరుకుంటూ పోయాం. చివరికి కుదిరిన విత్తనాన్ని మా పెద్దసారు అనుమతితో అత్త చేలోనే మొదట చల్లాం. తొలి పంట చూసుకుని ఆవిడ ఊరంతా చెప్పుకుంది. మరుసటి ఏడు ముసురులో వెళ్ళేసరికి చేను చేనంతా మెడలు వాల్చేసి ఉంది. తెగులే రూపు మార్చుకుందయ్యా, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాల్సిందే అన్నారు సారు. మొదలెట్టడానికి మాకు జీతాలున్నాయి, అత్తకేముంది?

తిట్టినా బాగుండేది. "ఏటి సేత్తాంరా, దానికీ బతకాలనుంటాది గావాల" అని ఆ గడ్డి కోసి ఆవుకు వేసింది. ఆ ఏడాది నుంచి వేరేవాళ్ళ చేలకు కూలికి వెళ్ళింది, నన్ను మళ్ళీ విత్తనం అడగలేదు.

తరువాత మంచి రకాలే వచ్చాయంటారు. అవి వచ్చేసరికి అత్త లేదు. ఈమధ్య అటు వెళితే ఆ మెట్టంతా జీడితోటలు, అగ్గి తెగులు అన్న మాట కూడా అక్కడి కుర్రవాళ్ళకు తెలియదు. మేం గెలిచి కాదు, అంటుకోవడానికి అక్కడ చోడి మొక్క ఒక్కటీ మిగల్లేదు.