నైలు ఒడ్డున పెత్రమాస

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసులోనూ ఇంట్లోనూ ఒకటే మాట. కాదనను. కానీ నాయిన పోయిన రోజు ఆ కోపం ఎందుకూ పనికిరాలేదు. నేను ఒక్కతే సంతానం. కొరివి నేనే పెడతానన్నాను. ఆడపిల్ల పెట్టడమేమిటని పెద్దలందరూ ఒక్కటయ్యారు. నాయిన తమ్ముడు, మా చిన్నాయిన, నా చేతిలోని కుండను మెల్లగా తీసుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, అన్న కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ తల వంచుకుంది. ఆ వంచిన తలను మాత్రం చాలాకాలం మరిచిపోలేకపోయాను.

సంవత్సరీకం కూడా చిన్నాయినే చేశాడు. దాంతో నాయిన పెద్దల్లో కలిశాడు. ఇక ఏటా పెత్రమాస నాడు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్య రోజున, ఆయన పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, కూరగాయలు ఇవ్వాలి. ఇష్టమైనవి వండి మేడ మీద కాకికి పెట్టాలి. అదీ చిన్నాయిన చేతి మీదుగానే జరుగుతుందని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. నాకు మిగిలిన కోరిక ఒక్కటే. ఒక్కసారైనా నాయిన పేరు నా నోటితో పలికి, నా చేత్తో ఇంత అన్నం పెట్టాలి. ఆ మాట బయటికి అనలేదు. అడిగి మళ్ళీ కాదనిపించుకునే ఓపిక లేకపోయింది.

నాయిన ఖాజాగూడ గుట్టల్లో రాయి కొట్టి నన్ను చదివించాడు. ఆ గుట్టలకు ఎదురుగా లేచిన అద్దాల మేడల్లో ఒకదాంట్లో నా ఉద్యోగం. మీటింగు సాగుతూనే ఉంటే నేను కిటికీలోంచి మిగిలిన రాళ్ళను చూస్తూ కూర్చుంటాను. ఒకసారి టీవీలో పిరమిడ్లు చూపిస్తుంటే ఆయన అన్నం కలపడం ఆపేశాడు. అంత రాయిని అంత పైకి ఎలా ఎక్కించారో ఒక్కసారి కళ్ళారా చూడాలన్నాడు. అంతకుముందూ ఆ తర్వాతా ఆయన నన్ను ఏదీ అడిగిన గుర్తు లేదు. తీసుకెళ్తానన్నాను. ఆ లోపే గుండె ఆగిపోయింది.

అందుకే అమ్మనైనా తీసుకెళ్దామనుకున్నాను. చందానగర్‌లో మా ఫ్లాటుకు వచ్చి రెండు రోజులుండమంటేనే గాలాడదనే మనిషి, ఈజిప్టు అనగానే సరే అంది. పైగా ఎప్పుడు వెళ్ళాలో కూడా తనే చెప్పింది. బతుకమ్మ ముంగట పోతే అక్కడ ఎండ తగ్గి ఉంటుందట. ఈజిప్టు ఎండల సంగతి ఖాజాగూడలో కూర్చున్న మనిషికి ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. లీవు దొరికింది, అంతే చాలనుకున్నాను. అమావాస్య ఏ రోజని చూసే అలవాటు నాకెప్పుడూ లేదు. అమ్మ పెట్టె మాత్రం మోయలేనంత బరువు. ఇన్ని పచ్చళ్ళు ఎందుకని ఎయిర్‌పోర్టు దాకా సణుగుతూనే ఉన్నాను. బాబు పరీక్షల పేరు చెప్పి ప్రయాణం తప్పించుకున్న మా ఆయన, ఆ పెట్టెను కారులోంచి దించి నడుం పట్టుకున్నాడు.

కైరోలో మమ్మల్ని కలిసిన గైడు యాభై దాటిన మనిషి. తెల్ల టోపీ, మడిచిన గొడుగు, తొందరలేని ఇంగ్లీషు. అమ్మను చూడగానే అరచేయి గుండెకు ఆనించుకుని తల వంచాడు. అమ్మ దండం పెట్టింది. ఆయన చెప్పినదంతా నేను తెలుగులో చెప్పాలి. నేను కుదించేస్తున్నానని అమ్మకు అనుమానం.

"ఆయన గంతసేపు చెప్తే నువ్వు రెండే ముక్కలు చెప్తవేంది?" అంది మొదటి రోజే.

పిరమిడ్ కింది వరసలో ఒక రాయి మీద అరచేయి పెట్టి అమ్మ చాలాసేపు నిలబడింది. మీ నాయిన ఉంటే ఈ గైడును ఇంటికి పోనిచ్చేవాడు కాదని మాత్రం అంది. తర్వాత పాత నగరంలో ఒక పురాతన చర్చి చూశాం. చెప్పులు విప్పనక్కర్లేదని చెప్పినా విప్పింది. మసీదులో ఎవరూ చెప్పకముందే కొంగు తల మీదికి లాక్కుంది. రెండు చోట్లా ఒకే తీరున కళ్ళు మూసుకుని దండం పెట్టింది. నేను పక్కన నిలబడి ఫోటోలు తీశాను. ఎంత తిరిగినా, ఆ రోజు అమ్మ ఎందుకు తల వంచుకుందన్న ఒక్క విషయం మాత్రం మా మధ్య మాటల్లోకి రాలేదు. అడుగుదామనుకుని, ఇంకో ఫోటో తీసేదాన్ని.

అక్కడి నుంచి రైల్లో లక్సర్ వెళ్ళాం, గైడు కూడా మాతోనే వచ్చాడు. నైలు నదికి పడమటి ఒడ్డున, ఒక పల్లెలో, భార్యాభర్తలు నడిపే చిన్న హోటల్లో దిగాం. రాజుల సమాధులు చూశాక గైడు మమ్మల్ని కొండలో తొలిచిన ఒక చిన్న సమాధిలోకి తీసుకెళ్ళాడు. అది రాజుది కాదు, కొలువులో పనిచేసిన ఒక ఉద్యోగిదట. లోపల రంగులు నిన్న వేసినట్టున్నాయి. ఒక గోడ మీద పీట నిండా రొట్టెలు, ఉల్లిగడ్డలు, పండ్లు, ఒక బాతు.

గైడు నోరు తెరవకముందే అమ్మ అంది. "పెద్దలకు పెడుతున్రు."

గైడుకు చెబితే ఆశ్చర్యపోయాడు. సరిగ్గా అదేనన్నాడు. పోయినవాళ్ళకు ఆకలేస్తుందని వాళ్ళ నమ్మకమట. అన్నం పెట్టడమే కాదు, పేరు కూడా పలకాలట. పేరు పలికేవాళ్ళు ఉన్నంతకాలం ఆ మనిషి ఉన్నట్టేనని గోడల నిండా పేర్లు రాయించుకున్నారట.

"ఎవరు పెట్టాల్నో అడుగు" అంది అమ్మ.

ఆ ప్రశ్న అడగడం నాకు ఇష్టం లేదు. జవాబు నాకు తెలుసు. అయినా అడిగాను. ఎక్కువగా పెద్ద కొడుకేనన్నాడు గైడు. ఇక్కడా అంతేనా అని నాకు ఒళ్ళు మండింది. అప్పుడాయన టార్చి వెలుగును కాస్త పక్కకు జరిపాడు. కుర్చీలో కూర్చున్న ఒక తండ్రి. ఎదురుగా నిలబడి ఒక అమ్మాయి ఆయనకు పూలగుత్తి అందిస్తోంది. ఈమె కూతురు అన్నాడు. అమ్మకు నేను ఒక్క ముక్క కూడా కుదించకుండా చెప్పాను. అమ్మ ఆ అమ్మాయిని చూస్తూ ఉండిపోయింది. మా వెనక వచ్చిన గుంపు మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం అమ్మ గైడును పట్టుకుని, పొద్దున హోటల్ వంటింట్లో పొయ్యి, మిక్సీ వాడుకోవచ్చా అని అడిగించింది. రొట్టెలు తిని తిని విసుగొచ్చి ఉంటుందనుకున్నాను.

మర్నాడు లేచి ఫోను చూస్తే చిన్నాయిన మెసేజ్. ఇవాళ పెత్రమాస, మీరు లేరు కదా, అన్న పేరు మీద నేనే ఇస్తున్నాను, వదినకు చెప్పు అని. నాయినకు మొదటి పెత్రమాస, అమ్మను తీసుకొచ్చి ఇంత దూరంలో పడేశాను. ఎలా చెప్పాలో తెలియక కిందికి పరుగెత్తాను. వంటింట్లో అమ్మ తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, బొబ్బెర గారెలు వేస్తోంది. హోటలావిడ పక్కన నిలబడి ఒక గారె కొరికి చూడబోతే, అమ్మ చేయి అడ్డం పెట్టి ఆపింది. బల్ల మీద పెట్టె తెరిచి ఉంది. అందులో పచ్చళ్ళు లేవు. బియ్యం, కందిపప్పు, బొబ్బర్లు, చింతపండు, బెల్లం, పసుపు, కుంకుమ.

"అమ్మా, ఇయ్యాల పెత్రమాసనట" అన్నాను.

"ఎరుకే. ఎరికుండే వచ్చిన."

అమ్మ గారెలు తీస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ దినం నాకు నోరు లేవలే బిడ్డా. ఆడ ఉంటే మల్ల మీ చిన్నాయినే ఇస్తడు, కాదంటే పంచాయితి. ఈడ నీ చెయ్యి పట్టేటోళ్ళు ఎవ్వలున్నరు? నువ్వే ఇయ్యి. పో, తలకు పోసుకోని రా."

నాకు ఏడుపొచ్చింది. తల వంచుకున్న రోజు నుంచి అమ్మ దీని గురించే ఆలోచిస్తోందన్నమాట. నేను మాత్రం కోపం పెంచుకుంటూ పోయాను. అమ్మ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. నూనె కాగుతోంది, పక్కకు జరగమని కసిరింది.

మేడ మీదికి అన్నీ చేర్చాం. పళ్ళెంలో బియ్యం, పప్పు, హోటలావిడ ఇచ్చిన వంకాయలు, బెండకాయలు పెట్టాం. కానీ పుచ్చుకోవడానికి అయ్యగారు ఎక్కడున్నాడు? అమ్మ ఆ సంగతీ ముందే ఆలోచించుకుంది. పోయినోళ్ళ పేర్లు చదివి చెప్పేది ఈయనే కదా అని గైడును చూపించింది. విషయం చెబితే ఆయన గొడుగు పక్కన పెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. పండుగ వస్తే వాళ్ళమ్మ కూడా రొట్టెలు చేయించి, ఆయన తండ్రి సమాధి దగ్గర పదిమందికీ పంచుతుందట. రెండు చేతులూ చాపి, పేరు చెప్పమన్నాడు.

నాయిన పేరు చెప్పాను. ఇంటి పేరుతో, ఊరి పేరుతో, గట్టిగా చెప్పాను. గైడు దాన్ని తడబడుతూనే తిరిగి పలికాడు. పళ్ళెం ఆయన చేతుల్లో పెట్టాక నా గుండె తేలికపడింది. నాయిన పోయాక అంత తేలిక నాకెప్పుడూ తెలియలేదు.

పిట్టగోడ మీద గారెలు, పచ్చిపులుసు అన్నం పెట్టాం. నాయినకు కల్లు పెట్టాలి. దాని బదులు గ్లాసులో చెరుకు రసం పోసి, ఈ ఒక్కసారికి సర్దుకొమ్మని అమ్మ గాలిలోకి చూసి చెప్పింది. ముందు పావురాలొచ్చాయి. నేను వాటిని తరిమాను. ఎండ ఎక్కుతోంది, కాకి జాడ లేదు. అమ్మ ముఖం చిన్నబోవడం చూడలేక అటు తిరిగి నిలబడ్డాను. చివరికి ఒకటి వచ్చి గోడ చివర వాలింది. ఒళ్ళంతా బూడిద రంగు, తలా రెక్కలూ నలుపు. ఇది కాకేనా అని అమ్మ అనుమానం. ఇక్కడి కాకులు ఇలాగే ఉంటాయన్నాడు గైడు. అది అటూ ఇటూ చూసి, గారెను ముక్కున కరుచుకుని కొండల వైపు ఎగిరిపోయింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, ఆ వెంటనే నవ్వింది.

తిరిగొచ్చిన మర్నాడే చిన్నాయిన ఖాజాగూడ ఇంటికి వచ్చాడు. అమ్మ చాయ్ ఇచ్చి, దాపరికం లేకుండా చెప్పేసింది. అక్కడ పెత్రమాస చేశాం, బిడ్డ ఇచ్చింది అని. నేను పోట్లాటకు సిద్ధంగా కూర్చున్నాను. ఏమనాలో కూడా అనుకుని ఉంచాను. ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు.

"కాకి ముట్టిందా?" అన్నాడు.

"ముట్టింది చిన్నాయినా. గారె ఎత్తుకపోయింది."

ఆయన భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"నేను పెట్టింది ముట్టలే బిడ్డా. పొద్దుగూకే దాక మేడ మీదనే కూసున్న" అన్నాడు. తువ్వాలను మళ్ళీ భుజాన వేసుకుంటూ, "ఎట్ల ముడ్తడు? అన్న గా రాళ్ళు చూడవోయిండు" అన్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, వచ్చే పెత్రమాసకు పొద్దున్నే వస్తానని, కూరగాయలు తాను తెస్తానని, గారెలు మాత్రం నన్నే వేసి, కాకికి నా చేత్తోనే పెట్టమని చెప్పాడు.