పోపు లేని పప్పు

మా ఇంట్లో పోపు వేసే ముందు హెచ్చరిక ఉంటుంది. నూనె కాగగానే మా అత్తయ్య "పోపు ఏసేత్తన్నానర్రోయ్!" అని కేక పెడతారు. మా ఆయనకీ, పాపకీ, నాకూ ఆస్తమా. ముగ్గురం బయటికెళ్ళి మెట్ల మీద కూర్చుంటాం. బాల్కనీలోకి వెళ్దామంటే అక్కడ పోర్టు నుంచి ఎగిరొచ్చే బొగ్గు దుమ్ము.

ఈ సాయంత్రం ఎప్పటిలాగే ఇన్‌హేలర్లు పీల్చి, నోరు పుక్కిలించి, కేక కోసం చూశాం. ఎంతకీ రాలేదు. వంటింట్లోకి వెళ్తే స్టవ్ ఆర్పేసి ఉంది. ఎండుమిరపకాయలు పళ్ళెంలోనే ఉన్నాయి. అత్తయ్య కిటికీ ఊచలు పట్టుకుని ఆయాసపడుతున్నారు.

"ఏమైంది అత్తయ్యా?"

"ఏటీ నేదమ్మా. ఈ మజ్జన పొగ తగిల్తే నాకూ ఊపిరాడ్డం నేదు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నాను కూడా మెట్ల మీదకొచ్చేత్తే పోపు ఎవులేత్తారు?"

ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆవిడకి కాస్త తేలికపడ్డాక నలుగురం పోపు లేని పప్పుతో అన్నం తిన్నాం. ఎవరూ వంక పెట్టలేదు. రేపు డాక్టరు దగ్గరికి అత్తయ్యను తీసుకెళ్ళాలి. మందుల డబ్బాలో ఇప్పటికే చోటు లేదు.

పొగ రాకుండా పోపు వేయడం ఎవరికైనా తెలిస్తే కింద రాయండి. పోపు మానేయమని మాత్రం రాయకండి. ఆ పప్పు ఇవాళ తిన్నాం.