సేలం దారిలో మబ్బు, రేవతి ట్యాబ్లెట్

సేలంలో నా తమ్ముడి మనవడిని తొట్టి ఉయ్యాలలో వేసే రోజు అది. మా ఇళ్లలో బిడ్డకు మొలతాడు కట్టేది మేనత్త. ఆ బిడ్డకు మేనత్త లేదు. వాళ్ల నాన్నకు మేనత్తను నేనే కాబట్టి ఆ పని నాకు వచ్చింది. నేను సమయానికి చేరకపోయేసరికి తమ్ముడి ఇంట్లో రేవతిని ఒక మాట అన్నారు. రేవతి నా కూతురి కూతురు, పైలట్. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది. చిన్న విమానంలో వెళ్లాలనుకునేవాళ్లు జరిగింది జరిగినట్టు తెలుసుకోవాలి.

చెన్నైలో మా చూలై పేట నుంచి ఆటోలో సెంట్రల్ స్టేషన్, అక్కడి నుంచి మెట్రోలో విమానాశ్రయం. చిన్న విమానాలకు గేటు వేరు, పేరు ముందే ఇచ్చి ఉండాలి. రేవతి నడిపే నాలుగు సీట్ల విమానాన్ని దాని యజమాని సేలం చేర్చమన్నాడు, ఖాళీ సీటు నాకిచ్చాడు. శుక్రవారం. పదిన్నరకే రేవతి సిద్ధం.

"రాహుకాలం పోనీ, పన్నెండుకు ఎక్కుతా," అన్నాను.

"అవ్వా, మధ్యానానికి కొండల మీద మబ్బు లేస్తాది."

"లేస్తే లేవనీ. ఇప్పుడే ఎక్కమంటే నేను ఇంటికి పోతా."

పన్నెండు దాటాకే బయలుదేరాం. ఈ ఆలస్యం రేవతిది కాదు, అది మొదట రాయమన్నాను.

గంటకు పైగా పట్టే దారి. ఉపగ్రహం పంపే వాన బొమ్మ రేవతి తొడకు కట్టుకున్న ట్యాబ్లెట్‌లో పడుతుంది. పచ్చరంగు చిన్న వాన, ఎరుపు గట్టి వాన. అక్షరాలు రాకపోయినా రంగులు నాకు తెలుసు. తిరువణ్ణామలై దాటాక ఎదురుగా ఆకాశం నల్లబడింది. బొమ్మలో రెండు ఎర్ర ముద్దలు, మధ్యలో ఖాళీ.

"ఆడ సందు ఉండాదే, దూరిపో."

"అది అప్పటి సందు అవ్వా. మబ్బును చూసి, బొమ్మ గీసి, పంపేసరికి ఆలస్యమవతాది. ఈడ కనిపించే టైము బొమ్మ తయారైన టైము, మబ్బును చూసింది దానికి ముందే."

"నాకు పాఠం చెప్తా ఉండావా? సాయంత్రం ముహూర్తం. పోనీ."

"పోను."

విమానాన్ని చెన్నై వైపు తిప్పింది. నేను తిట్టాను. కాసేపటికి కొత్త బొమ్మ వచ్చింది. రెండు ముద్దలూ కలిసిపోయాయి, నేను దూరమన్న చోట అంతా ఎరుపే.

దిగి తమ్ముడికి ఫోన్ చేశాను. కోడలి అక్కతో కట్టిస్తామన్నాడు.

"మబ్బుకు భయపడి తిప్పుకొచ్చిందా? ఇంక దాని విమానం ఎవరెక్కతారక్కా?"

"నేనెక్కతా. పొమ్మన్నది నేను, పోనన్నది అది. మనింట్లో నా మొహం మీద కాదన్నోళ్లు ఇంకెవురుండారు రా, నువ్వున్నావా?"

పెట్టేశాడు.

బిడ్డకు మొలతాడు కట్టలేకపోయాను, ఆ వెలితి ఉంది. కానీ నా మాట విని ఉంటే కట్టడానికి నేనుండేదాన్ని కాదు, రేవతీ ఉండేది కాదు. తమ్ముడు ఆ పిల్లకు ఫోన్ చేసి మాట వెనక్కి తీసుకునేదాకా సేలం గడప తొక్కను. మీకు చెప్పేది ఒక్కటే: ముహూర్తమున్న పనికి ముందురోజే రైలెక్కండి, చిన్న విమానం తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి. అప్పుడు పైలట్ వెనక్కి తిప్పుతానంటే పోరు పెట్టేవాళ్లు పక్క సీట్లో ఉండరు.